ఫార్మాట్ చేసినా వైరస్ ఎందుకు తిరిగొస్తోంది?

నెల్లూరు జిల్లా మర్రిపాడులోనో ఆత్మకూరులోనో జిరాక్స్ షాపు నడిపేవాళ్ల దగ్గర కంప్యూటర్ మాటెత్తితే వైరస్ గోడు తప్పకుండా వస్తుంది. “పోయిన నెలే ఫార్మాట్ కొట్టించాం. నాలుగు రోజులు బాగానే నడిచింది, మళ్లీ మామూలే” అంటారు. ఫార్మాట్ చేస్తే అన్నీ పోతాయన్న నమ్మకం, చేసినా తిరిగొచ్చిందన్న అనుభవం, రెండూ ఒకే నోట వినిపిస్తాయి. రెండూ నిజమే. మొండి వైరస్ పట్టిన కంప్యూటర్‌కి విండోస్ మొత్తం తుడిచేసి కొత్తగా వేయడమే సరైన దారని ఈ పని తెలిసినవాళ్లు ఇరవై ఏళ్లుగా చెబుతున్నారు. మనం ఆ పని చేస్తూనే ఉన్నాం గానీ సగంలో ఆపేస్తున్నాం. ఏ సగం మిగిలిపోతోందో, ఎందుకు మిగిలిపోతోందో చూడాలి.

చూడాల్సిన అవసరం ఎంతైనా ఉంది. ఎందుకంటే మండల కేంద్రంలో జిరాక్స్ షాపు కంప్యూటర్ ఒక ఇంటి కంప్యూటర్ లాంటిది కాదు. చుట్టుపక్కల పల్లెల జనం ఆధార్ స్కాన్లు, 1బి, అడంగల్ కాపీలు, పాస్‌బుక్ మొదటి పేజీలు, పిల్లల మార్కుల లిస్టులు అందులో పేరుకుని ఉంటాయి. దరఖాస్తు నింపడానికి వచ్చినవాళ్లు తమ ఈమెయిల్, పాస్‌వర్డ్ అందులోనే కొడతారు. ఫోన్‌కి వచ్చిన ఓటీపీ కూడా షాపు అతనికి చదివి వినిపిస్తారు. అక్కడ దాక్కున్న దొంగ ప్రోగ్రాం ఒక్కరిని కాదు, వచ్చిన ప్రతి ఒక్కరినీ దోచుకోగలదు. షాపు యజమానికి అది ‘సిస్టం స్లో అయింది’ అన్నంత మేరకే తెలుస్తుంది.

అయితే ప్రతి వైరస్‌కీ ఫార్మాట్ అక్కర్లేదు. మన షాపుల్లో బాగా తిరిగే షార్ట్‌కట్ వైరస్‌నే తీసుకుందాం. పెన్ డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్లు ఉండాల్సిన చోట మూల మీద చిన్న బాణం గుర్తుతో షార్ట్‌కట్లు కనిపిస్తాయి. ఒక్కోటి సైజు ఒకటి రెండు కేబీలే. నొక్కితే ఫోల్డర్ తెరుచుకుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అదే నొక్కుతో వెనక ఒక స్క్రిప్టు కూడా నడిచి, కంప్యూటర్‌లో చేరి, ఆ తర్వాత పెట్టిన ప్రతి పెన్ డ్రైవ్‌కీ ఎక్కుతుంది. అసలు ఫైళ్లు ఎక్కడికీ పోవు, హిడెన్‌గా మారి అందులోనే ఉంటాయి. అట్రిబ్ కమాండ్‌తో వాటిని బయటికి తీసి, కంప్యూటర్ ఆన్ కాగానే మొదలయ్యే ప్రోగ్రాముల్లోంచి ఆ స్క్రిప్టును తీసేస్తే చాలావరకు పని అయిపోతుంది. బ్రౌజర్‌కి అంటుకుని ప్రకటనలు కురిపించే ఎక్స్‌టెన్షన్లూ ఈ కోవలోవే. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఇలాంటివాటికి ఉచితంగా శుభ్రం చేసే టూల్స్ ఇస్తోంది. విండోస్‌లోనే ఉన్న డిఫెండర్‌కి ఆఫ్‌లైన్ స్కాన్ అనే ఏర్పాటు ఉంది. అది విండోస్ మొదలవక ముందే వెతుకుతుంది కాబట్టి, దాక్కోవడానికి వైరస్‌కి పెద్దగా సందు దొరకదు. ముందు ఇవి చేసి చూడడం న్యాయం.

మొండివాటి కథ వేరు. 2003లో బయటపడిన సాలిటీ అనే వైరస్ మన దేశంలో ఏళ్ల తరబడి తిష్ఠ వేసింది. అది విడిగా ఒక ఫైలుగా ఉండదు. కంప్యూటర్‌లో ఉన్న మంచి ప్రోగ్రాం ఫైళ్లలోకే దూరి, వాటి కోడ్‌కి తన కోడ్ అతికిస్తుంది. అతికించిన ప్రతిసారీ రూపు మార్చుకుంటుంది. టాస్క్ మేనేజర్ తెరుచుకోనివ్వదు, రిజిస్ట్రీ ఎడిటర్ తెరుచుకోనివ్వదు, సేఫ్ మోడ్‌లోకి వెళ్లే దారి కూడా చెరిపేస్తుంది. యాంటీవైరస్‌ని ఆపేస్తుంది. 2010లో వచ్చిన రామ్‌నిట్ అయితే ప్రోగ్రాం ఫైళ్లతో పాటు వెబ్ పేజీల ఫైళ్లలోకి కూడా దూరింది. అదే కాలంలో టీడీఎల్4 అనే రూట్‌కిట్, హార్డ్ డిస్క్‌లో విండోస్ కంటే ముందు చదవబడే బూట్ రికార్డులోనే కాపురం పెట్టింది. విండోస్ కంటే ముందు లేచిన ప్రోగ్రాం, విండోస్ ఏం చూడాలో ఏం చూడకూడదో నిర్ణయించగలదు. అప్పుడు ఆ విండోస్ మీద నడిచే యాంటీవైరస్ ‘ఏమీ లేదు’ అని చెబితే ఆ మాటకి విలువేముంటుంది?

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. అన్ని వైరస్‌లనూ తప్పు లేకుండా పట్టే ప్రోగ్రాం రాయడం సిద్ధాంతరీత్యా అసాధ్యమని 1980ల్లోనే ఫ్రెడ్ కోహెన్ అనే అమెరికన్ పరిశోధకుడు నిరూపించాడు. 2004లో మైక్రోసాఫ్ట్‌లో భద్రతా విభాగంలో పనిచేసిన జెస్పర్ జొహాన్‌సన్ ఒక వ్యాసంలో ఇంకా సూటిగా చెప్పాడు. చొరబడ్డవాడు పెట్టిన దొడ్డిదారి ఒకటి దొరికిందని అది మూసేస్తే సరిపోదు, ఇంకెన్ని పెట్టాడో తెలియదు, కాబట్టి చదును చేసి మళ్లీ కట్టుకోవడమే మార్గం అన్నది అతని వాదన. 2006లో అదే కంపెనీకి చెందిన మైక్ డాన్సెగ్లియో కూడా ఒక సదస్సులో, కొన్ని రూట్‌కిట్ల విషయంలో తుడిచి మొదటినుంచి వేయడం తప్ప గతి లేదని ఒప్పుకున్నాడు. విండోస్ అమ్మేవాళ్లే ఈ మాట అనడం చిన్న సంగతి కాదు.

యాంటీవైరస్ కంపెనీల వాదన మరో తీరు. తమ టూల్స్ ఇప్పుడు చాలా మెరుగయ్యాయని, ప్రతిదానికీ తుడిచేస్తే జనం డేటా పోగొట్టుకుంటారని అంటారు. అందులో నిజం లేకపోలేదు. బ్యాకప్ లేనివాడికి ఫార్మాట్ వైరస్ కంటే ఎక్కువ నష్టం చేయగలదు. నా లెక్క మాత్రం ఇది: కంప్యూటర్‌లో ఉన్నవి మన సినిమాలూ పాటలే అయితే శుభ్రం చేసి చూడొచ్చు. ఊరివాళ్ల ఆధార్లు, బ్యాంకు లావాదేవీలు, వేలిముద్ర యంత్రాలు ఉన్నచోట, రెండోసారి అదే వైరస్ కనిపించిందంటే ఇక నమ్మడానికి లేదు. తుడవాల్సిందే.

ఇక మన సగం ఫార్మాట్ సంగతికి వద్దాం. రిపేరు కుర్రాడు వచ్చి విండోస్ పెన్ డ్రైవ్ పెట్టగానే యజమాని అనే మొదటి మాట, “తమ్ముడూ, డీ డ్రైవ్ జోలికి మాత్రం పోబాకు”. ఆ మాటలో భయం ఉంది, అర్థం ఉంది. డీలో పదేళ్ల పని ఉంది: పెళ్లి పత్రికల డిజైన్లు, ఫ్లెక్సీల ఫైళ్లు, అర్జీల నమూనాలు. కాబట్టి కుర్రాడు సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేసి విండోస్ వేస్తాడు. ఆ గంటకి కంప్యూటర్ అద్దంలా ఉంటుంది. తర్వాత ప్రింటర్ పనిచేయాలి కదా, దాని డ్రైవర్ కావాలి. నెట్ స్లో. డీ డ్రైవ్‌లో ‘సాఫ్ట్‌వేర్స్’ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో అన్ని సెటప్ ఫైళ్లూ ఏళ్లుగా దాచి పెట్టారు. సాలిటీ, రామ్‌నిట్ లాంటివి ఎక్కడ ఉంటాయని చెప్పుకున్నాం? ప్రోగ్రాం ఫైళ్లలో. ఆ ఫోల్డర్‌లోని మొదటి సెటప్‌ని డబుల్ క్లిక్ చేసిన క్షణాన పాతది కొత్త విండోస్‌లోకి ఎక్కేస్తుంది. నాలుగు రోజులు బాగానే నడిచిందని యజమాని అనుకుంటాడు. నిజానికి అది నాలుగు నిమిషాలు కూడా శుభ్రంగా లేదు. వైరస్ తిరిగొచ్చే మొదటి దారి ఇది.

రెండో దారి క్రాక్. వేసిన విండోస్ కొన్నది కాదు, ఎవరో తయారుచేసి పంచిన కాపీ. దాన్ని యాక్టివేట్ చేయడానికి ఇంకో చిన్న ప్రోగ్రాం కావాలి. అది నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమని అదే చెబుతుంది, కుర్రాడు ఆపుతాడు. కాపలా మనిషిని పంపించేశాక ఎవరు లోపలికి వచ్చారో చూసేవాళ్లు లేరు. ఈ దారినే వచ్చినవాటిలో అన్నిటికంటే క్రూరమైనది స్టాప్ లేదా డీజావూ అని పిలిచే రాన్‌సమ్‌వేర్, అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాం. పెద్ద కంపెనీలను వదిలి ఇళ్ల మీద, చిన్న షాపుల మీదే పడింది. క్రాక్‌లు, కీ జనరేటర్ల మాటున వచ్చి ఫోటోలు, డాక్యుమెంట్లు, టాలీ ఫైళ్లు అన్నిటికీ తాళం వేసి, ప్రతి ఫైలు చివర ఒక కొత్త తోక తగిలిస్తుంది. చాలాసార్లు పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రాంని కూడా వెంట తెస్తుంది. 2019లో ఎమ్సిసాఫ్ట్ అనే సంస్థ కొన్ని రకాలకి తాళం తీసే టూల్ ఉచితంగా ఇచ్చింది గానీ, తర్వాత వచ్చిన రకాల్లో చాలావాటికి అది పనిచేయదు. విండోస్ కొత్తగా వేస్తే స్టాప్ పోతుంది, అది తాళం వేసిన ఫైళ్లు మాత్రం తాళంతోనే ఉంటాయి. రాన్‌సమ్‌వేర్ విషయంలో ఫార్మాట్ ఇంతవరకే చేయగలదు.

మూడో దారి తెలుగు డీటీపీ వాళ్లకి ప్రత్యేకం. అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్ 7.0, పాత ఫోటోషాప్, ఇవి లేకపోతే పెళ్లి పత్రిక కాదు కదా, కరపత్రం కూడా రాదని షాపులవాళ్లు అంటారు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత దానికి పెద్ద మార్పులతో కొత్త వెర్షన్ రాలేదు. దాని కోసం విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 పట్టుకుని వేలాడిన షాపులు ఎన్నో. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్‌లో ఆగింది, విండోస్ 7కి 2020 జనవరిలో. కొన్న సాఫ్ట్‌వేర్ సీడీలు ఎక్కడో పోయాయి, కాబట్టి ఒక షాపు నుంచి ఇంకో షాపుకి పెన్ డ్రైవ్‌లో తిరిగే కాపీయే దిక్కు. ఇక్కడ ఎవరినీ దోషిగా నిలబెట్టాలని నాకు లేదు. పేజీకి రెండు మూడు రూపాయల మీద బతికే షాపు వేల రూపాయల లైసెన్సులు కొనలేదు. అయినా ఆ కాపీ ఉన్నంతకాలం ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా ఇల్లు ఊడ్చి చెప్పులతోనే లోపలికి వచ్చినట్టే అవుతుంది.

పెద్ద సంస్థలు ఇదే ప్రశ్నని ఎలా ఎదుర్కొన్నాయో చూస్తే కొంత వెలుగు దొరుకుతుంది. 2017 మే 12న ప్రపంచమంతా పాకిన వాన్నాక్రై అనే రాన్‌సమ్‌వేర్ మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లను పట్టుకుంది. తిరుపతిలో టీటీడీ కార్యాలయంలోని కొన్ని కంప్యూటర్లకూ పాకింది. దాన్ని ఆపే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని కంప్యూటర్లు దొరికిపోయాయి. తుడిచి మళ్లీ విండోస్ వేసిన కంప్యూటర్‌ని ప్యాచ్ లేకుండా అదే నెట్‌వర్క్‌కి తగిలిస్తే, పక్క కంప్యూటర్ నుంచి ఎవరూ ఏమీ నొక్కకుండానే మళ్లీ సోకుతుంది. ముందు కేబుల్ తీసి, తర్వాత విండోస్ వేసి, ప్యాచ్ పడ్డాకే కేబుల్ పెట్టాలన్న వరస అందుకే.

మన కరెంటు బిల్లులు కట్టించుకునే సంస్థకి కూడా దెబ్బ తగిలింది. 2019 ఏప్రిల్ చివర్లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్ వ్యవస్థల్లోకి రాన్‌సమ్‌వేర్ చొరబడింది. నెల్లూరు జిల్లాకి కరెంటు ఇచ్చే, తిరుపతి కేంద్రంగా ఉన్న ఏపీఎస్పీడీసీఎల్ అందులో ఒకటి. వెబ్‌సైట్లు, ఆన్‌లైన్ సేవలు ఆగిపోయాయి. బ్యాకప్ ఉండబట్టి తేరుకున్నారు. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి మీద జరిగిన ఇలాంటి దాడి అందరికీ గుర్తుంటుంది. ఐదు సర్వర్లు దెబ్బతిన్నాయని, సుమారు 1.3 టెరాబైట్ల డేటాకి తాళం పడిందని ప్రభుత్వం పార్లమెంటుకి చెప్పింది. ఓపీ చీటీలు రోజుల తరబడి చేత్తో రాశారు. దెబ్బ తగలని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి రోగుల డేటా తిరిగి తెచ్చుకున్నారు.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మేర్‌స్క్ కంపెనీ ఉదంతం. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ ఈ నౌకా రవాణా సంస్థని మట్టి కరిపించింది. దాదాపు పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ మొదటినుంచి వేసుకున్నామని ఆ సంస్థ ఛైర్మన్ తర్వాత చెప్పారు. శుభ్రం చేసి చూద్దాం అని ఎవరూ కూర్చోలేదు. అంత పెద్ద పనిలో ఒక్కచోట మాత్రం ఆగిపోయారు. మొత్తం నెట్‌వర్క్‌కి ఎవరు ఎవరో చెప్పే డొమైన్ కంట్రోలర్లు అన్నీ ఒకేసారి చెరిగిపోయాయి. ప్రపంచమంతా వెతికితే ఒక్కటి మిగిలింది, ఆఫ్రికాలో ఘనాలో. ఎందుకు మిగిలిందంటే దాడి జరిగిన వేళకి అక్కడ కరెంటు పోయింది. కరెంటు కోత తెలిసిన మన పల్లెలవాళ్లకి ఆ మాట చెబితే చటుక్కున అర్థమవుతుంది: తీగ తగలని కాపీ ఒకటి ఎక్కడో ఉండాలి.

ఇప్పుడు మన షాపు దగ్గరికి. పూర్తిగా చేస్తే ఈ పని ఎలా ఉంటుంది? మొదట డేటా బయటికి తీయాలి. దానికి సోకిన విండోస్‌ని ఆన్ చేయకపోవడమే మేలు. ఉబుంటు లాంటి లినక్స్‌ని పెన్ డ్రైవ్ మీంచే నడిపించి, హార్డ్ డిస్క్‌లోని ఫోటోలు, పీడీఎఫ్‌లు, వర్డ్, ఎక్సెల్, పేజ్‌మేకర్ ఫైళ్లు బయటి డిస్క్‌కి ఎక్కించుకోవచ్చు. సెటప్‌లు, క్రాక్‌లు, స్క్రిప్టులు, ‘సాఫ్ట్‌వేర్స్’ ఫోల్డర్ మొత్తం వదిలేయాలి. మనసు ఒప్పని భాగం ఇదే, అసలు పనిచేసే భాగమూ ఇదే. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లలో మాక్రోల రూపంలో కూడా వైరస్ ఉండొచ్చు గనక వాటిని తిరిగి పెట్టేముందు కొత్తగా వేసిన విండోస్‌లో స్కాన్ చేయాలి.

విండోస్ పెన్ డ్రైవ్‌ని సోకిన కంప్యూటర్‌లో తయారు చేయకూడదు. వేరే మంచి కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, 8 జీబీ పెన్ డ్రైవ్ మీద తయారు చేసుకోవాలి. ఉచితమే. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. విండోస్ 10 గానీ 11 గానీ అసలుది ఎక్కి వచ్చిన కంప్యూటర్ కొని ఉంటే, ఆ లైసెన్సు మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది. తుడిచి అదే ఎడిషన్ మళ్లీ వేస్తే, నెట్ తగిలించగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. షాపుల్లో ఉన్న కంపెనీ కంప్యూటర్లకి అసలు లైసెన్సు ఉండగానే, తెలియక దాని మీద క్రాక్ కాపీ వేయించుకుంటారు. ఇది చూస్తే నాకు బాధేస్తుంది.

సెటప్‌లో హార్డ్ డిస్క్ భాగాలు కనిపించే తెర వస్తుంది: సీ, డీ, చిన్నచిన్న సిస్టం భాగాలు. డేటా బయటికి వచ్చేసింది కాబట్టి అక్కడ అన్నిటినీ డిలీట్ చేసి, మొత్తం ఖాళీ జాగాగా చేసి, అందులో కొత్తగా వేయాలి. టీడీఎల్4 లాంటి బూట్ రికార్డు వైరస్ గురించి అనుమానం ఉంటే డిస్క్‌పార్ట్‌లో క్లీన్ కమాండ్ కొడితే ఆ బూట్ రికార్డు, భాగాల పట్టికా చెరిగిపోతాయి. సెట్టింగ్స్‌లో ఉండే ‘రీసెట్ దిస్ పీసీ’ కూడా ఉంది. సామాన్య సమస్యలకి అది చాలు. మొండిదానికి మాత్రం సోకిన విండోస్‌నే తన్ను తాను తుడుచుకోమనడం నాకు నచ్చదు, బయటి పెన్ డ్రైవ్ నుంచే చేయాలి.

తర్వాత వరస: విండోస్ అప్‌డేట్లు అన్నీ పడనివ్వాలి. ప్రింటర్, స్కానర్, వేలిముద్ర యంత్రాన్ని నడిపే ఆర్‌డీ సర్వీస్, డిజిటల్ సంతకం టోకెన్, వీటి డ్రైవర్లు తయారీ కంపెనీల సైట్ల నుంచే దించుకోవాలి. చివరగా పాస్‌వర్డ్‌లు. వైరస్ ఉన్న రోజుల్లో ఆ కంప్యూటర్‌లో కొట్టిన ప్రతి పాస్‌వర్డూ దొంగ చేతికి పోయిందనే అనుకుని, ఈమెయిల్‌తో మొదలుపెట్టి అన్నీ మార్చాలి. ఫార్మాట్ కంప్యూటర్‌ని బాగుచేస్తుంది గానీ ఇప్పటికే పోయిన పాస్‌వర్డ్‌ని వెనక్కి తేలేదు. ఆ నెలల్లో షాపులో పాస్‌వర్డ్ కొట్టిన జనానికి ఈ సంగతి చెప్పడం యజమాని బాధ్యత. అది ఒక్కరు కూడా చేయగా నేను వినలేదు.

ఇలా పూర్తిగా తుడిచినా లొంగనివి లేవా? ఉన్నాయి. 1999 ఏప్రిల్ 26న చెర్నోబిల్ వైరస్ కొన్ని కంప్యూటర్లలో, ఆన్ కాగానే ముందు నడిచే బయోస్‌నే చెరిపేసింది. 2018లో ఈసెట్ సంస్థ బయటపెట్టిన లోజాక్స్, మదర్‌బోర్డు మీది చిప్‌లో, బయోస్‌కి కొత్త రూపమైన యూఈఎఫ్‌ఐలోనే దాక్కుంది. హార్డ్ డిస్క్ మార్చినా అది పోదు. మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌ని కంపెనీ ఇచ్చిన ఫైలుతో మళ్లీ రాయాలి, లేకపోతే బోర్డే మార్చాలి. ఇలాంటివి ఎక్కువగా ప్రభుత్వాల మీద, రాయబారుల మీద గురిపెట్టి వాడేవి. మర్రిపాడు షాపులో వైరస్ తిరిగొస్తే లోజాక్స్ అని భయపడక్కర్లేదు. ముందు డీ డ్రైవ్, పెన్ డ్రైవ్‌ల డబ్బా చూడాలి.

ఇప్పుడు ఈ పనికి ఇంకో గడియారం కూడా తోడైంది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మన వైపు షాపుల్లో ఉన్న పాత కంప్యూటర్లు చాలావాటికి విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, తగిన ప్రాసెసర్ లేవు. వాటిలో ఫార్మాట్ చేసి విండోస్ 10 వేసినా రోజులు గడిచేకొద్దీ తూట్లు పెరుగుతాయి. టైపింగ్, ప్రింటు, నెట్ వరకే పని ఉన్న కంప్యూటర్‌కి లినక్స్ మంచి దారి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్స్ తయారు చేసి చూపించింది కూడా. వేలిముద్ర యంత్రాలు, సంతకం టోకెన్లు వాడే కంప్యూటర్‌కి మాత్రం లినక్స్ అంత సులువు కాదు, వాటి సాఫ్ట్‌వేర్ ఎక్కువగా విండోస్, ఆండ్రాయిడ్‌ల కోసమే తయారవుతుంది. షాపులో రెండు కంప్యూటర్లు ఉంటే ఒకటి ఆధార్, బ్యాంకు పనులకే కేటాయించి, దానికి బయటి పెన్ డ్రైవ్ ఎప్పుడూ తగలనివ్వకుండా ఉంచొచ్చు. అను, పేజ్‌మేకర్ నడిచే పాత కంప్యూటర్‌ని నెట్ తీసేసి డిజైన్ పనికే వాడుకోవచ్చు. అను లాంటి పాత ఫాంట్లు వదిలి యూనికోడ్‌కి మారిన డీటీపీ షాపులకి ఆ పాత కంప్యూటర్ కూడా అక్కర్లేకుండా పోతుంది.

ఈ అవసరం షాపులకే కాదు, ప్రభుత్వ కంప్యూటర్లకీ ఉంది. 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ సచివాలయాలతో ప్రతి సచివాలయానికీ ఒక డిజిటల్ అసిస్టెంట్ వచ్చాడు. ఆ సచివాలయాల కంప్యూటర్లకి రిపేరు మనిషి నెల్లూరు నుంచి రావాలంటే రోజులు పడుతుంది. మండలానికి ఒకటి చొప్పున, సరిచూసిన విండోస్ పెన్ డ్రైవ్ ఒకటి, ఆ కంప్యూటర్ల మోడళ్లకి సరిపడా డ్రైవర్లు ఇంకోదాంట్లో, ప్రతి మూడు నెలలకీ కొత్తవి వేసి మండలాఫీసు బీరువాలో ఉంచితే ఖర్చు వెయ్యి రూపాయలు దాటదు. అదే విండోస్ పెన్ డ్రైవ్‌ని, అందులో ఎవరూ ఏమీ రాయకుండా రైట్ ప్రొటెక్ట్ చేసి, పక్క జిరాక్స్ షాపుకి కూడా వాడుకోనివ్వవచ్చు. మైక్రోసాఫ్ట్ సెటప్ ఫైళ్లు పంచుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు, లైసెన్సు ఆ కంప్యూటర్‌ది దానికే ఉంటుంది.